ధర్మన్న మింగిన పేరు

దోహాలో ఇంగ్లీషు వార్తలు చదివే డెర్మట్ అనే ఐరిష్ పెద్దమనిషికి ధర్మన్న అని పేరు పెట్టినవాడు పోశన్న. బారసాలా లేదు, పేరంటాళ్ళూ లేరు. రేడియో స్టేషన్‌లో టీ డ్యూటీకి ఎక్కిన మొదటి రోజున, ఏ కప్పు ఎవరిదో గుర్తుంచుకోవడానికి పోశన్న ఒక్కొక్కరి పేరూ అడిగి తెలుసుకున్నాడు. "డెర్మట్" అన్నాడు దొర. పోశన్న ఆ పేరును రెండుసార్లు నోట్లో తిప్పి చూశాడు. జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన నాలుకకు అది ఎక్కడా ఆనలేదు. మూడోసారికి "ధర్మన్న" అని బయటికొచ్చింది. దొర సరే అన్నట్టు తల ఊపాడు. అంతే, పేరు ఖాయమైపోయింది. మూడేళ్ళుగా ఆయన ఆ పేరుతో పిలిస్తేనే టీకి లేస్తున్నాడు.

పోశన్న కతార్ వచ్చింది టీ పెట్టడానికి కాదు, సిమెంటు బస్తాలు మోయడానికి. ఇండస్ట్రియల్ ఏరియా కూలీల క్యాంప్‌లో ఒకనాడు మేనేజర్ వచ్చి, ఒక ఆఫీసుకు మనిషి కావాలి, చాయ్ పెట్టడం ఎవరికి వచ్చు అని అడిగాడు. అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు పోశన్న. అతను పుట్టి బుద్ధెరిగి పొయ్యి ముట్టించి ఎరగడు. ఇంట్లో చాయ్ పెట్టేది భార్య గంగామణి, తాగేది తను. కానీ ఎండలో బస్తా మోసిన నడుము చెయ్యెత్తమంటే చెయ్యి ఆగుతుందా? మొదటి వారం అతను పెట్టిన టీ తాగి స్టేషన్ మొత్తం ఓర్చుకుంది. రెండో వారం ధర్మన్నే ప్యాంట్రీలోకి వచ్చి ఆకు ఎంత వెయ్యాలో, ఎంతసేపు ఉంచాలో చూపించాడు. ఏలకులు వెయ్యొద్దని మాత్రం ఎంత మొత్తుకున్నా పోశన్న వినలేదు. ఏలకులు వెయ్యని చాయ్ జ్వరం వచ్చినవాళ్ళకే అని అతని నమ్మకం.

వీళ్ళిద్దరూ ఏ భాషలో మాట్లాడుకునేవాళ్ళో భగవంతుడికే తెలియాలి. అందులో సగం ఇంగ్లీషు, పావు హిందీ, మిగిలింది అరబ్బీ, ఎక్కడైనా చాలకపోతే చేతులు. అదంతా ఉన్నదున్నట్టు రాస్తే చదివేవాళ్ళకు తల తిరుగుతుంది కనుక ధర్మన్న మాటలు ఇక్కడ తెలుగులోనే చెప్పుకుందాం. అయినా ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడమంటూ ఎన్నడూ లేదు. ఒకే భాష మాట్లాడే మొగుడూపెళ్ళాలు ఎంతమంది ఆ మాట అనగలరు?

ధర్మన్నకు నలభై ఏడేళ్ళు. పొడుగు మనిషి, ఎండ తగిలితే ముఖం మిరపపండు. ఐర్లాండ్‌లో పడమటి దిక్కున ఒక చిన్న ఊరు. తండ్రి సైకిలు మీద ఊరూరా తిరిగి ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్. పద్దెనిమిదో ఏట ధర్మన్న అక్కడి వారపత్రికలో చేరాడు. ఫుట్‌బాల్ మ్యాచ్‌లు, కోర్టు కేసులు, పెళ్ళిళ్ళు, పశువుల సంతలో ధరలు, అన్నీ ఒక్కడే రాసేవాడు. ఇరవై ఏళ్ళు రాశాక వాళ్ళ జిల్లాకు సొంత రేడియో వచ్చింది. గొంతు బాగుందని అందులోకి తీసుకున్నారు. అక్కడా ఆయనే ఆవుల ధరలు చదివేవాడు.

"ఆవుల రేటు రేడియోల చెప్తరా సార్?" అని పోశన్న ఆశ్చర్యపోయాడు.

"వారం వారం. దూడలకు వేరే ధర, చూడి ఆవులకు వేరే ధర."

"గది రేడియో అంటే! మీ దిక్కు మంచి సర్కారే ఉన్నది."

ఆ రోజు నుంచి పోశన్న దృష్టిలో ధర్మన్న విలువ రెండింతలైంది. ఇంకొక సంగతి కూడా వాళ్ళను దగ్గర చేసింది. ఎవరైనా ధర్మన్నను ఇంగ్లీషువాడంటే ఆయన ముఖం మరింత ఎర్రబడేది. మాట్లాడేది ఇంగ్లీషు, మనిషి తెలుపు, మరి ఇంగ్లీషువాడు కాకపోవడమేమిటని క్యాంప్‌లో అందరికీ అనుమానం. పోశన్నకు మాత్రం ఒక్క నిమిషంలో అర్థమైంది. స్టేషన్‌లో టెక్నీషియన్ రామచంద్రరావు గోదావరి జిల్లావాడు, మదీనత్ ఖలీఫా పేటలో ధర్మన్న ఫ్లాటుకు రెండు వీధుల అవతల కాపురం. పోశన్న ఆయన వైపు చూపించి అన్నాడు. "నేను తెలంగాణ, సార్‌ది ఆంధ్ర. ఇద్దరిదీ తెలుగే. నన్ను ఆంధ్రోడంటే నాకు కోపం రాదా? గట్లనే."

"మధ్యలో నన్నెందుకు లాగుతావయ్యా?" అన్నాడు రామచంద్రరావు. "నేనేం చేశానని?"

"మీరేం చెయ్యలే సార్. మిసాలకు, ఊకె పోలికకు చెప్పిన." ధర్మన్న మాత్రం లేచి పోశన్నకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆరేళ్ళ దోహా జీవితంలో తన దేశాన్ని ఇంత చక్కగా అర్థం చేసుకున్నవాడు ఇంకొకడు దొరకలేదట.

స్టేషన్ పోస్టు తెచ్చే డ్యూటీ కూడా పోశన్నదే. డ్రైవర్‌తో వెళ్ళి పెట్టెలో కాగితాలు తెస్తాడు. రోజూ ధర్మన్న తల ఎత్తకుండా ఒకే మాట అడిగేవాడు. "నాకేమైనా?" పోశన్న రోజూ ఒకే జవాబు చెప్పేవాడు. "మాఫీ సార్." అరబ్బీలో ఏమీ లేదని. ఆయన అక్క నోరా ఆరేళ్ళుగా ఆయనతో మాట్లాడటం లేదు. ప్రతి క్రిస్మస్‌కూ కార్డు పంపుతాడు, ప్రతి క్రిస్మస్‌కూ బదులు రాదు. సిస్టర్ అన్నప్పుడు అక్కనా చెల్లెనా అని పోశన్న పట్టుబట్టి అడిగాడు. తేలకపోతే అతనికి నిద్రపట్టదు. రెండేళ్ళు పెద్దది అని తెలిశాక "నోరక్క" అని స్థిరం చేసుకున్నాడు. ఎందుకు మాట్లాడదని మాత్రం అడగలేదు. అలిగిన అక్క సంగతి మగవాడిని తరచి అడగకూడదని అతనికి తెలుసు.

ఇక పోశన్నకు పట్టిన రేడియో పిచ్చి గురించి చెప్పాలి. మూడేళ్ళు అద్దం అవతల నిలబడి ధర్మన్న వార్తలు చదవడం చూసి చూసి అతనికి ఆ గాలి సోకింది. క్యాంప్‌లో ఎవరూ ఉత్తరాలు రాసేవాళ్ళు కాదు. శుక్రవారం రాజేందర్ టేప్‌రికార్డర్ ముందు కూర్చుని క్యాసెట్ నింపి, ఛుట్టీ మీద ఊరికి పోయేవాళ్ళ చేత పంపేవాళ్ళు. రాజేందర్‌ది ఊళ్ళో పోశన్న వాడకట్టే, ఇక్కడ పక్క మంచం. అందరూ క్యాసెట్‌లో ఏడ్చేవాళ్ళు, తిట్టేవాళ్ళు, పిల్లల్ని ముద్దు చేసేవాళ్ళు. పోశన్న మాత్రం గొంతు సవరించుకుని ఇలా మొదలుపెట్టేవాడు.

"ఇది దోహా క్యాంప్. సమయం సాయంత్రం నాలుగు గంటలు. వార్తలు చదువుతున్నది పోశన్న. ముందుగా ముఖ్యాంశాలు. క్యాంప్ల కొత్త కూలర్ పెట్టిండ్రు. రాజేందర్‌కు పన్ను పీకిండ్రు. ధర్మన్న చెప్పంగ, వాళ్ళ దేశంల ఎండకాలం గూడ స్వెటర్ ఏసుకుంటరు."

ముఖ్యాంశాల తర్వాత వివరాలు, వివరాల తర్వాత సర్పంచ్‌కు నమస్తే, పక్కింటి రాములవ్వకు దండాలు, బర్రె ఎట్లున్నదో కబురు చెయ్యుండ్రి, ఇంతటితో వార్తలు సమాప్తం. ఊళ్ళో ఆ క్యాసెట్లకు పెద్ద పేరొచ్చింది. పోశన్న పంపేది కతార్ నుంచే అయినా వాళ్ళు దాన్ని దుబాయ్ రేడియో అనేవాళ్ళు. క్యాసెట్ వచ్చిందంటే రాములవ్వ తన టేప్‌రికార్డర్‌ను ఒళ్ళో పెట్టుకుని పోశన్న వాకిట్లో దిగేది. వాడకట్టంతా చాపలు తెచ్చుకునేది.

తొంభై ఏడు డిసెంబర్‌లో గంగామణి నుంచి క్యాసెట్ వచ్చింది. అదే ఆమె పంపిన మొదటి క్యాసెట్. దాన్ని పెట్టగానే రాజేందర్ టేప్‌రికార్డర్ రీలు మింగేసింది. పెన్సిలు పెట్టి తిప్పి, రీలు బయటికి లాగి, ఆ మిషన్‌ను ఇంక నమ్మకూడదనుకుని పోశన్న క్యాసెట్‌ను స్టేషన్‌కు తెచ్చాడు. రామచంద్రరావు కాదనలేదు, తన గదిలో పెద్ద స్పీకర్లకు కలిపి పెట్టాడు. అప్పుడే వార్తలు చదివి బయటికొచ్చిన ధర్మన్న కాళ్ళు గుమ్మం దగ్గర ఆగిపోయాయి. స్పీకర్‌లో ఒక ఆడగొంతు ఆయన్నే పిలిచింది.

"ధర్మన్నా! నువ్వెవరో నాకు తెల్వది. మాయింటాయన మాటమాటకు ధర్మన్న అట్లన్నడు, ధర్మన్న ఇట్లన్నడు అంటడు. పెద్దమనిషివి అనుకుంటున్న. జర నువ్వే న్యాయం చెప్పు. మూడేండ్లల్ల ఆరు క్యాసెట్లు పంపిండు. అండ్ల సర్పంచ్ పేరున్నది, రాములవ్వ పేరున్నది. ఆఖరికి బర్రెను గూడ అడిగిండు. నా పేరు లేదు. వాడకట్టంత మా వాకిట్ల కూసోని వింటరు. గంగామణీ, నీ ముచ్చట రాలేదేందే అని నవ్వుతరు. నేను మనిషిని పెండ్లి చేసుకున్న గని రేడియోను చేసుకోలే. నా పేరు తీస్తె ఆయన నాలుకేం ఊడిపోదు. వచ్చే క్యాసెట్ల గూడ నా పేరు లేకుంటే, ఆయన ఛుట్టీ మీద వచ్చేనాటికి నేను మా తల్లిగారింట్ల ఉంట. బర్రెతోనే మాట్లాడుకొమ్మను. ఉంట అన్నా. అవు, నీది మెట్‌పల్లేనా? రాములవ్వ మెట్‌పల్లే అంటున్నది."

పోశన్నకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. గదిలో దాక్కునే చోటూ లేదు. రామచంద్రరావు నవ్వు ఆపుకోలేక ఇయర్‌ఫోన్ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆమె ఏమంది?" అన్నాడు ధర్మన్న. "నా పేరు వినిపించింది."

రామచంద్రరావు ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. ధర్మన్న మెట్‌పల్లి దాకా వచ్చేసరికి నవ్వుతాడనుకున్నారు ఇద్దరూ. ఆయన నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎందుకు చెప్పలేదు, భార్య పేరు?"

పోశన్న నేల చూపులు చూశాడు. "గంత మంది ముంగట ఎట్ల చెప్తం సార్? మా దిక్కు పెండ్లాం పేరు పిలువరు. ఆమె గూడ నా పేరు తీసుకోదు. 'ఇగో' అంటది. పదమూడేండ్లాయె, గదే పిలుపు."

"ఆయ్, అది నిజమే," అన్నాడు రామచంద్రరావు. "మా నాన్న కూడా మా అమ్మని పేరు పెట్టి పిలిచి ఎరగడండీ."

పోశన్న తెచ్చిన టీ ముట్టకుండానే ధర్మన్న చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళ జిల్లా రేడియోలో రోజూ ఉదయం తొమ్మిదికి ఒక కార్యక్రమం ఉంటుంది. చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు. ఎవరు, ఏ ఊరు, మట్టి చేసేది ఎప్పుడు, వెనక మిగిలినవాళ్ళు ఎవరెవరు, అందరి పేర్లూ. ఆ పది నిమిషాలూ జిల్లాలో చెంచా చప్పుడు కూడా ఉండదు. చదివేది ధర్మన్నే. తొంభై ఒకటిలో తండ్రి పోయాడు. ఇంకెవరితోనైనా చదివిస్తామన్నారు స్టేషన్‌వాళ్ళు. నాన్న పేరు నేనే చదువుతానని మొండికేశాడు. గొంతు పట్టుకుంటుందేమోనని భయపడి, పట్టుకోకముందే అయిపోవాలని తొందరతొందరగా చదివాడు. ఆ తొందరలో ఒక పేరు మింగేశాడు. పదేళ్ళు తండ్రిని మంచం మీద సాకిన కూతురు పేరు అది. సాయంత్రం ఇంకొకరు సరిగ్గానే చదివారు. కానీ అప్పటికే జిల్లా అంతా విన్నది. సమాధి దగ్గర ఒకామె నోరా చెయ్యి పట్టుకుని, మీ నాన్నతో నీకు పడేది కాదా అమ్మా అని అడిగింది.

"నోరా నాతో ఒక్క మాటే అంది. 'ఊళ్ళో చచ్చినవాళ్ళందరి పేర్లూ చదివావు, బతికి ఉన్న నా పేరు చదవలేకపోయావు.' అంతే. ఆ ఏడే నేను ఇక్కడికి వచ్చేశాను."

మూడేళ్ళు పక్కనే ఉండి, రోజూ 'మాఫీ సార్' అని తేలిగ్గా అనేసినందుకు పోశన్నకు తనమీద తనకే కోపం వచ్చింది.

"మాఫ్ చేయమని రాయలేదా సార్?"

"ఆరు కార్డులు రాశాను."

"కార్డు ఎట్ల పనిచేస్తది సార్? పేరు నోటితోని మింగినవ్. నోటితోనే కక్కాలె."

మాట నోరు దాటాక, మనం ఎవరితో ఏం అంటున్నామని పోశన్న భయపడ్డాడు. రామచంద్రరావు మధ్యలో అందుకున్నాడు. "మరి నువ్వు కక్కవయ్యా ముందు. స్టూడియో ఖాళీగానే ఉంది. ఇద్దరూ చెరో క్యాసెట్టు నింపేయండి, నేను రికార్డు చేస్తాను."

పందెం కుదిరింది. ముందు పోశన్న. అంతకాలం అద్దం బయట నుంచి చూసిన మైకు ముందు కూర్చున్నాడు. ఎర్ర లైటు వెలిగింది. ముఖ్యాంశాలు గడగడా వచ్చాయి. ధర్మన్నది మెట్‌పల్లి కాదనీ, మనిషి తెల్లదొర అనీ, అయినా ఇంగ్లీషోడు కాదనీ వివరంగా చెప్పాడు. ధర్మన్న అక్క పేరు మింగిన కథ కూడా చెప్పాడు. అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి "గం" అని ఆగిపోయాడు. దగ్గాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ "గంగ" అన్నాడు.

రామచంద్రరావు గొంతు ఇయర్‌ఫోన్‌లో వినబడింది. "గంగ వచ్చింది సరే, మణి ఎప్పుడొస్తుందయ్యా? టేపు అయిపోతోంది."

ధర్మన్న తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. పోశన్న పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పోశన్న పేరు ఆయన నోట ఎప్పుడూ పోషనే. "పోషన్, వాడకట్టును మర్చిపో. మైకు అవతల వెయ్యిమంది ఉండరు. ఒక్క మనిషే ఉంటుంది. ఆ ఒక్కరితో మాట్లాడు."

"మీకు ఎవరుంటరు సార్?"

ధర్మన్న మైకు వైపు చూశాడు. "నోరా. వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఉంటుంది. కిటికీలో చిన్న రేడియో. రోజూ ఆవిడకే చదువుతాను. ఆవిడకు ఇది వినపడదు. అయినా చదువుతాను."

పోశన్న కళ్ళు మూసుకున్నాడు. చాపలూ, రాములవ్వా, సర్పంచ్ అందరూ వెళ్ళిపోయారు. పొయ్యి ముందు కూర్చుని, చాయ్‌లోకి ఏలక్కాయ దంచుతున్న ఆమె ఒక్కతే మిగిలింది. "గంగామణీ," అన్నాడు. "గంగామణీ, నేనే. ఈడ మూడేండ్ల సంది చాయ్ పెడుతున్న. నీ అసొంటి చాయ్ ఒక్కనాడు కాలే." అంతకంటే ఏమీ చెప్పలేకపోయాడు. వార్తలు సమాప్తం అనడం కూడా మర్చిపోయాడు.

తర్వాత ధర్మన్న కూర్చున్నాడు. చేతిలో కాగితం లేదు. ఆరేళ్ళ కిందటి తండ్రి మరణవార్త ఆయనకు కంఠతా వచ్చు. మొదటి నుంచి చదివాడు. ఊరు, చర్చి, మట్టి చేసే వేళ. పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. అద్దం అవతల పోశన్న చేతులు జోడించాడు, మళ్ళీ మింగకుండా చూడమని అతను ఏ దేవుడికి మొక్కాడో మరి. ధర్మన్న "నోరా" అన్నాడు. మళ్ళీ ఒకసారి అన్నాడు. రెండోసారిది వార్తలో లేదు. చివర్లో స్టేషన్ ఫోన్ నంబరు రెండుసార్లు చెప్పాడు. పోశన్న ఆ క్యాసెట్‌ను తన చేతులతోనే పోస్టులో వేసి వచ్చాడు.

పోశన్న క్యాసెట్ రాజేందర్ వెంట ఊరికి పోయింది. ఫిబ్రవరిలో రాజేందర్ తిరిగి వచ్చేటప్పుడు బదులు తెచ్చాడు. దాన్ని కూడా రామచంద్రరావు గదిలోనే విన్నారు, ఈసారి ముగ్గురూ కలిసి, తలుపు వేసుకుని.

"ఇది పోశన్న వాకిలి," అని మొదలైంది. "సమయం పొద్దటి పూట. వార్తలు చదువుతున్నది గంగామణి. ముఖ్యాంశాలు. బర్రె ఈనింది, పెయ్యదూడ. నీ క్యాసెట్ విన్న. పోశన్నా, విన్న."

వెనకాల ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఘొల్లున నవ్వారు. పోశన్న నవ్వలేదు. పదమూడేళ్ళలో ఆమె నోట తన పేరు వినడం అదే మొదటిసారి. తన పేరు అంత బాగుంటుందని అతనికి తెలియదు. "ఇంకోసారి తిప్పుండ్రి సార్," అన్నాడు. రామచంద్రరావు ఆ ముక్కను నాలుగుసార్లు తిప్పాడు. నాలుగోసారికి ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

క్యాసెట్ చివర్లో రాములవ్వ మైకు లాక్కున్నట్టుంది. "ఓ ధర్మన్నా! మీ నోరక్క నోరు విప్పిందా? ఇప్పకుంటే చెప్పు, ఎల్లమ్మకు కోడిపిల్లను మొక్కుత."

నోరక్క నోరు విప్పలేదు. ఫిబ్రవరి పోయింది. మార్చి వచ్చింది. పోస్టు పెట్టె దగ్గర నుంచి వచ్చేటప్పుడు పోశన్న కారు దిగడానికి కూడా సిగ్గుపడేవాడు. తన పందెం తను గెలిచాడు, తను పందెంలోకి దింపిన ధర్మన్న ఓడిపోయేలా ఉన్నాడు. "నాకేమైనా?" అని ధర్మన్న అడగడం మానేశాడు. అది పోశన్నకు మరీ బాధగా ఉండేది. క్యాంప్‌లో పది మంది రోజూ అతన్ని అడిగేవాళ్ళు, నోరక్క ఏమన్నదని. ఎన్నడూ చూడని, పేరు సరిగ్గా పలకడం రాని ఒక ఆడమనిషి కోసం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గది మొత్తం ఎదురుచూసింది.

పోశన్న ఛుట్టీకి ఇంకొక్క రోజు ఉంది. సామాను కట్టేశాడు, ఆఖరి డ్యూటీ. మధ్యాహ్నం ఒంటిగంట వార్తలు మొదలయ్యాయి. అతను ప్యాంట్రీలో టీ నీళ్ళు పెట్టి, పక్కనున్న చిన్న రేడియోలో ధర్మన్న గొంతు వింటున్నాడు. గోడకున్న ఫోన్ మోగింది. మామూలుగా రిసెప్షన్‌లో ఎత్తుతారు. ఎవరూ ఎత్తలేదు. పోశన్న ఎత్తాడు.

"హలో, రేడియో."

అవతల ఒక ఆడగొంతు. డెర్మట్‌తో మాట్లాడాలంది. ఇంగ్లీషే కానీ మాట చివర కాస్త పైకి లేస్తుంది, ధర్మన్నకు లేచినట్టే. పోశన్న ఒళ్ళంతా చెవులైపోయింది.

"సార్ డ్యూటీ మేడమ్. న్యూస్ రీడింగ్. టెన్ మినిట్."

"సరే, ఇంకెప్పుడైనా చేస్తాను," అంది ఆమె.

ఇంకెప్పుడైనా అంటే ఇంకో ఆరేళ్ళు కావచ్చు. "నో మేడమ్! కట్ మాఫీ! యల్లా, వెయిట్, వెయిట్!" అని పోశన్న తనకొచ్చిన భాషలన్నీ ఒక్కసారి వాడేశాడు. రిసీవర్ వైరు పొట్టిది, స్టూడియో దాకా సాగదు. కంగారులో అటూ ఇటూ చూసి, పొయ్యి పక్కనున్న చిన్న రేడియోను తెచ్చి దాని నోటికి రిసీవర్ ఆనించి కట్టిపడేసినట్టు పట్టుకున్నాడు. అతనొక్కసారి చెవి దగ్గర పెట్టి చూశాడు. దూరంగా గిన్నెల మీద కుళాయి నీళ్ళు పడుతున్న చప్పుడు, తర్వాత కుళాయి కట్టేసిన చప్పుడు. ఆమె వింటోంది.

"రామచంద్రరావు సార్!" అని ప్యాంట్రీలోంచే కేక పెట్టాడు. "నోరక్క నోరు విప్పింది!"

రామచంద్రరావు తర్వాత చెప్పాడు, తను బటన్ నొక్కి ధర్మన్న చెవిలో ఒకే వాక్యం చెప్పానని, 'నోరా ఫోన్‌లో ఉంది, వింటోంది' అని. పోశన్నకు తెలిసింది మాత్రం రేడియోలో ధర్మన్న గొంతు ఆగిపోవడం. వాతావరణం దగ్గర. ఒక్క క్షణం, రెండు, మూడు. రేడియోలో మూడు క్షణాల నిశ్శబ్దం ఎంత పెద్ద తప్పో పోశన్నకు తెలుసు. తర్వాత, రేపు కూడా వాన లేదని ధర్మన్న చెప్పాడు. వార్తలు చదివింది ఎవరో చెప్పాడు. చెప్పి, ఎన్నడూ లేనిది ఒక మాట కలిపాడు: "విన్నందుకు థాంక్స్, నోరా." ఆ రోజు దోహాలో ఇంగ్లీషు వార్తలు విన్నవాళ్ళు ఈ నోరా ఎవరా అని అనుకునే ఉంటారు.

పోశన్న రిసీవర్‌ను చెవికి ఆనించుకున్నాడు. అవతల ముక్కు చీదిన శబ్దం.

"మేడమ్?"

"ఇంకా తొందరతొందరగానే చదువుతున్నాడు," అంది నోరా. "నిదానంగా చదవమని చెప్పు వాడికి."

కారిడార్‌లో పరుగు వినిపించింది. ధర్మన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఇయర్‌ఫోన్ ఇంకా మెడలోనే ఉంది. పోశన్న రిసీవర్ చేతిలో పెట్టాడు. "సార్, అక్క చెప్పింది. స్లోలీ, స్లోలీ." ధర్మన్న ఫోన్ చెవికి పెట్టుకుని నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ళు మాటలు అమ్ముకుని బతికిన మనిషికి ఒక్కటే మాట దొరికింది. అక్క పేరు. ఆ పేరే మళ్ళీ మళ్ళీ అన్నాడు, నిదానంగా. పోశన్న పొయ్యి కట్టేసి, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చేశాడు.

మూడోనాడు ఊళ్ళో ఆటో దిగి, పెట్టె ఇంకా నేల మీద పెట్టకముందే రాములవ్వ ఎదురొచ్చింది. "ఏం రా పోశన్నా, నోరక్క నోరు విప్పిందా?"

"ఇప్పిందవ్వా. ఇప్పంగనే తిట్టింది."

వాడకట్టులో వాళ్ళ ముఖాలు పడిపోయాయి. ఇన్నాళ్ళు ఎదురుచూస్తే తిట్టిందా అని.

గంగామణి చాయ్ గ్లాసు పట్టుకుని గుమ్మంలోంచి వచ్చింది. ఏలకుల వాసన ఆమెకంటే ముందే వచ్చింది. "తిట్టిందంటే కలిసినట్టే," అంది. "తాగు, పోశన్నా."